కిడ్నీ బయాప్సీలో కొలాజెన్ జీన్ 11 రెట్లు, ట్రైక్రోమ్‌లో నీలం మాత్రం 10 శాతమే: ఏది నమ్మాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీరు హనుమకొండలో పీహెచ్‌డీ చేస్తున్నారు. షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతిన్న 14 మంది బయాప్సీ ముక్కలు, కణితి కోసం తీసేసిన కిడ్నీల నుంచి 6 కంట్రోల్ ముక్కలు మీ దగ్గరున్నాయి. క్యూపీసీఆర్‌లో (జీన్ సందేశం ఎంతుందో కొలిచే పరీక్ష) రెండు శాంపిల్స్‌కు కోల్1ఏ1 (టైప్-1 కొలాజెన్ జీన్) కంట్రోళ్ల కన్నా సుమారు 11 రెట్లు వచ్చింది, కానీ వాటి ట్రైక్రోమ్ స్లైడ్‌లో (కొలాజెన్‌ను నీలంగా చూపే రంగు) ఫైబ్రోసిస్ (కణజాలం మచ్చగట్టడం) 10 శాతమే. ఇంకో శాంపిల్‌లో 60 శాతం ఫైబ్రోసిస్ ఉన్నా జీన్ 2 రెట్లు దాటలేదు. కోల్4ఏ3 (టైప్-4 కొలాజెన్ జీన్లలో ఒకటి) అయితే అందరిలోనూ పడిపోయింది. పీసీఆర్ తప్పా, జీన్ ఎంపిక తప్పా, పాత పారాఫిన్ బ్లాకులు (మైనంలో నిలవచేసిన బయాప్సీ ముక్కలు) వాడుకోవచ్చా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, రెండూ నిజమే కావచ్చు, ఎందుకంటే అవి కొలిచేది రెండు వేర్వేరు సంగతులు. కానీ 11 రెట్లను నమ్మే ముందు ఆ ముక్కలో ఏ కణాలు పడ్డాయో చూడాలి. కిడ్నీ కోర్ (సూదితో తీసిన సన్నని ముక్క) విషయంలో కొలాజెన్ అంకె జబ్బు కన్నా ముందు సూది ఎక్కడ దిగిందో చెబుతుంది.

మన ఏనుమాముల యార్డునే తీసుకోండి. ఇవాళ ఎన్ని బస్తాల మిర్చి దిగిందన్నది ఒక లెక్క, చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో ఎంత నిల్వ ఉందన్నది ఇంకో లెక్క. సీజన్ మొదట్లో రాక పోటెత్తుతుంది, నిల్వ ఇంకా తక్కువే. సీజన్ అయిపోయాక యార్డు బోసిపోతుంది, స్టోరేజీలు మాత్రం నిండే ఉంటాయి. ఎంఆర్‌ఎన్‌ఏ (జీన్ నుంచి వెలువడే సందేశం, క్యూపీసీఆర్ కొలిచేది) ఇవాళ్టి రాక. ట్రైక్రోమ్ నీలం నిల్వ. టైప్-1 కొలాజెన్‌ను లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఒకసారి అడ్డంగా కుట్టేస్తే అది నెలలు, ఏళ్ల తరబడి కరగదు. టింప్1 లాంటి అడ్డంకులు పెరిగితే కరిగించే ఎంజైములకూ పని సాగదు. మీ 60 శాతం శాంపిల్ అలాంటిదై ఉండే అవకాశం ఎక్కువ: కొలాజెన్ పోసిన మయోఫైబ్రోబ్లాస్టులు చాలావరకు పోయాయి, అవి పోసింది మిగిలింది.

ఎంఆర్‌ఎన్‌ఏకు, ప్రొటీన్‌కు మధ్య దూరం కూడా తక్కువేమీ కాదు. కోల్1ఏ1 సందేశం ఎంతసేపు బతుకుతుందన్నది కణం స్థితిని బట్టి మారుతుంది. లివర్‌లో కొలాజెన్ పోసే స్టెల్లేట్ కణాల్లో కొలిచినప్పుడు నిద్రాణంగా ఉన్న కణంలో దాని సగం ఆయుష్షు గంటన్నర, ఉత్తేజితమైన కణంలో దాదాపు 24 గంటలు. అంటే జీన్ చదవడం పెద్దగా పెరగకపోయినా సందేశం పోగుపడి రెట్లు పెరిగినట్టు కనిపించొచ్చు. ఆ తర్వాత ప్రోలీన్‌కు హైడ్రాక్సిల్ తగిలించాలి (దానికి విటమిన్-సి, ఇనుము, ఆక్సిజన్ కావాలి), మూడు పోగులు పేనాలి, చివర్లు కత్తిరించాలి. ఇందులో ఎక్కడ ఆగినా నీలం కనిపించదు.

ఇక మీ రెండు 11 రెట్ల శాంపిల్స్. 11 రెట్లంటే సీటీలో (పీసీఆర్ సిగ్నల్ కనిపించిన సైకిల్ సంఖ్య, ఒక్కో సైకిల్‌కు రెట్టింపు తేడా) సుమారు మూడున్నర సైకిళ్ల తేడా. దీనికి నేను అనుమానించే క్రమం ఇలా ఉంటుంది.

మొదటి అనుమానం: ఒకే ముక్కను కొలవలేదు. ట్రైక్రోమ్‌కు వెళ్లిన కోర్ వేరు, ఆర్‌ఎన్‌ఏకు వెళ్లిన కోర్ వేరు అయితే పోల్చడమే కుదరదు. ఫైబ్రోసిస్ కిడ్నీ అంతా సమంగా పరుచుకోదు, మచ్చలు మచ్చలుగా వస్తుంది. ఒక సెంటీమీటరు అవతల పరిస్థితి వేరుగా ఉంటుంది.

రెండో అనుమానం: ముక్కలో రక్తనాళమో, కిడ్నీ పైపొరో పడింది. చాలామంది దీన్ని పట్టించుకోరు. కార్టెక్స్ (కిడ్నీ బయటి భాగం), మెడుల్లా (లోపలి భాగం) కలిసేచోట ఆర్క్యుయేట్ ధమని ఉంటుంది. దాని బయటి పొర నిండా టైప్-1, టైప్-3 కొలాజెన్ పోసే ఫైబ్రోబ్లాస్టులే. రెండు మిల్లీగ్రాముల ముక్కలో ఒక ధమని అడ్డుకోత పడితే చాలు, మిగతా కార్టెక్స్ ఎంత ఆరోగ్యంగా ఉన్నా కోల్1ఏ1, కోల్3ఏ1 ఎగిరిపోతాయి. కిడ్నీ పైపొర కింద కార్టెక్స్‌లోనూ ఇదే గొడవ: పెద్ద వయసువారిలో అక్కడ సన్నని మచ్చలు మామూలే. తేల్చుకోవడానికి ఎంవైహెచ్11 పెట్టండి. అది పరిణతి చెందిన నున్నని కండర కణాల గుర్తు, ధమని పడితే గట్టిగా పెరుగుతుంది. ఏసీటీఏ2 ఒక్కటే పెడితే తేలదు, ఎందుకంటే అది ధమనిలోనూ ఉంటుంది, మయోఫైబ్రోబ్లాస్టులోనూ ఉంటుంది. కోల్1ఏ1, ఏసీటీఏ2, ఎంవైహెచ్11 మూడూ కలిసి పెరిగితే ధమని. మొదటి రెండూ పెరిగి ఎంవైహెచ్11 కదలకపోతే నిజంగానే ఫైబ్రోసిస్ మొదలవుతోందని అనుకోవచ్చు. అదే మీ పేపర్‌కు అసలు సరుకు.

మూడోది: రెఫరెన్స్ జీన్, అంటే మిగతా జీన్లను పోల్చడానికి వాడే, మారకూడని జీన్. మీరు జీఏపీడీహెచ్ ఒక్కటే వాడినట్టు రాశారు. షుగర్ కిడ్నీలో, ఆక్సిజన్ తగ్గిన కణాల్లో అది కదులుతుంది. ఒక్క సైకిల్ కదిలితే మీ 2 రెట్లు 4 అవుతాయి, లేదా 1 అవుతుంది. మూడో శాంపిల్‌లో 2 రెట్లే వచ్చిందని తల పట్టుకునే ముందు ఇది చూడండి. పీపీఐఏ, హెచ్‌పీఆర్‌టీ1, ఆర్‌పీఎల్‌పీ0, టీబీపీ నాలుగూ అన్ని శాంపిల్స్‌లో నడిపి, నిలకడగా ఉన్న రెండు మూడింటి జ్యామితీయ సగటు తీసుకోండి. 18ఎస్ (రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ) వద్దు. అది మరీ ఎక్కువ ఉంటుంది, పైగా దానికి పాలీ-ఏ తోక లేదు కాబట్టి ఓలిగో-డీటీతో (ఆ తోకకు అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్క) సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏ నుంచి చేసే డీఎన్‌ఏ కాపీ) చేస్తే అది సరిగా రాదు.

నాలుగోది డీఎన్‌ఏ కల్తీ. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ (సీడీఎన్‌ఏ చేసే ఎంజైము) వేయని ట్యూబు ప్రతి శాంపిల్‌కూ ఒకటి ఉండాలి. దాని సీటీ అసలు ట్యూబు కన్నా కనీసం 7 సైకిళ్లు వెనక రావాలి, అప్పుడు కల్తీ ఒక శాతం లోపే ఉన్నట్టు.

ప్రైమర్ల (పీసీఆర్‌ను మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) మాట ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే కొలాజెన్ మిగతా జీన్‌లలాంటిది కాదు. కోల్1ఏ1లో 51 ఎక్సాన్లు (జీన్‌లో సందేశంగా మిగిలే ముక్కలు). మధ్యభాగమంతా గ్లైసీన్, ఏదో ఒకటి, ఇంకేదో ఒకటి అనే మూడక్షరాల పాట పదేపదే తిరుగుతుంది, ఎక్సాన్లలో చాలా వాటి పొడవు సరిగ్గా 54 బేసులు. అక్కడ ప్రైమర్ వేస్తే ఇంకో కొలాజెన్‌కు అతుక్కునే ప్రమాదం ఉంది, జీ, సీ బేసులు కూడా ఎక్కువ. అందుకే కార్బాక్సీ చివరి ప్రోపెప్టైడ్ భాగంలో, టైప్-4 అయితే గొలుసు చివరనుండే ఎన్‌సీ1 భాగంలో, రెండు ఎక్సాన్ల అతుకు మీదుగా ప్రైమర్ గీయండి. ఇంకో లాభం కూడా ఉంది. సందేశం దాదాపు 6 వేల బేసుల పొడవు. ఆర్‌ఎన్‌ఏ కాస్త విరిగినా ఓలిగో-డీటీ 3-ప్రైమ్ చివర నుంచి మొదలవుతుంది కాబట్టి ఆ చివరి ముక్క దొరుకుతుంది, మొదటి చివర దొరకదు. స్టాండర్డ్ కర్వ్ వాలు మైనస్ 3.1కి, మైనస్ 3.6కి మధ్య ఉందో లేదో, మెల్ట్ కర్వ్‌లో ఒకే శిఖరం ఉందో లేదో చూసుకుని ముందుకు పోండి.

ఆర్‌ఎన్‌ఏ తీయడంలో ఒక మోసం ఉంది, మీ 60 శాతం శాంపిల్‌కు అదే జరిగి ఉండొచ్చు. ఫైబ్రోసిస్ ఎక్కువున్న ముక్క గట్టిగా, తోలులా ఉంటుంది, సరిగా నలగదు. నలిగేది మెత్తగా ఉన్న ట్యూబ్యూల్ (మూత్రం పారే సన్నని గొట్టాలు) భాగం. కొలాజెన్ పోసే కణాలు పీచులో ఇరుక్కుని కాలమ్ (ఆర్‌ఎన్‌ఏను పట్టి ఉంచే వడపోత గొట్టం) దాకా రావు. అంటే మీరు కొలవాలనుకున్న కణాలనే పారేసి మిగతావాటిని కొలుస్తున్నారు, అదీ ఫైబ్రోసిస్ ఎక్కువున్న రోగిలోనే ఎక్కువగా. దీనికి మందు: ముక్కను 300 మైక్రోలీటర్ల గ్వానిడిన్ లైసిస్ బఫర్‌లో (బీటా-మెర్కాప్టోఎథనాల్ కలిపి) స్టీల్ పూసలతో 2 నిమిషాల చొప్పున రెండుసార్లు, మధ్యలో ఐస్ మీద పెట్టి దంచండి. తర్వాత 590 మైక్రోలీటర్ల ఆర్‌ఎన్‌ఏజ్ లేని నీళ్లు, 10 మైక్రోలీటర్ల ప్రొటీనేజ్-కే కలిపి 55 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచండి. నీళ్లు కలపకుండా ఎంజైము వేస్తే ఆ గ్వానిడిన్ గాఢతలో అది పని చేయదు. 10,000 జీ దగ్గర 3 నిమిషాలు తిప్పి, పై ద్రవంలో దాని పరిమాణంలో సగం ఎథనాల్ కలిపి కాలమ్‌లో పోయండి. కాలమ్ మీదే డీఎన్‌ఏజ్ 15 నిమిషాలు. కడిగాక 14 మైక్రోలీటర్లలోనే దించండి. తిప్పిన ట్యూబు అడుగున తెల్లటి పీచు ఉండ మిగిలిందా చూడండి. మిగిలితే ఆ శాంపిల్ అంకె తక్కువే వస్తుంది, నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి.

ముక్క తెచ్చే దారిలో పోయేది కూడా చాలానే. 16 గేజ్ సూదితో వచ్చిన కోర్‌ను సెలైన్ తడిపిన గాజు మీద పెట్టి స్టీరియో మైక్రోస్కోప్ కింద చూస్తే గ్లోమెరులస్‌లు (రక్తాన్ని వడగట్టే సన్న నాళాల ఉండలు) ఎర్రటి చుక్కల్లా కనిపిస్తాయి. చుక్కలున్న చివర కార్టెక్స్, చుక్కలు లేకుండా గీతలు గీతలుగా ఉన్నది మెడుల్లా. కార్టెక్స్ వైపు 2, 3 మిల్లీమీటర్లు మాత్రమే ఆర్‌ఎన్‌ఏకు, మిగతాదంతా రోగి డయాగ్నసిస్‌కు. దీని మీద బేరం లేదు. ఆ ముక్కను 1.5 మిల్లీలీటర్ల ఆర్‌ఎన్‌ఏలేటర్‌లో (ఆర్‌ఎన్‌ఏ చెడకుండా కాపాడే ఉప్పు ద్రవం) వేసి 4 డిగ్రీల ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచాలి. వెంటనే మైనస్ 80లో పెట్టేస్తే ఉప్పు లోపలికి ఇంకదు, మధ్యలో ఆర్‌ఎన్‌ఏ పాడవుతుంది. మర్నాడు ద్రవంలోంచి తీసి, అద్ది, అప్పుడు మైనస్ 80. ఆర్‌ఎన్‌ఏలేటర్‌లో ముక్క 25 డిగ్రీల దగ్గర వారం, 37 దగ్గర ఒక్కరోజు నిలుస్తుంది. మన దగ్గర మే నెలలో 42 డిగ్రీలు దాటుతుంటే స్కూటర్ డిక్కీలో పెట్టుకుని ఆస్పత్రి నుంచి ల్యాబ్‌కు పోయేవారికి ఆ ఒక్కరోజు కూడా దక్కదు. థర్మాకోల్ డబ్బా, నాలుగు ఐస్ ప్యాకులు చాలు.

ఇంత చిన్న ముక్క నుంచి కొన్ని వందల నానోగ్రాముల ఆర్‌ఎన్‌ఏ వస్తే మంచిదే. నానోడ్రాప్‌ను (కాంతి పీల్చుకోవడాన్ని బట్టి కొలిచే యంత్రం) ఇక్కడ నమ్మొద్దు, మిగిలిన గ్వానిడిన్‌ను కూడా కలిపి చూపిస్తుంది. క్యూబిట్‌లో (ఆర్‌ఎన్‌ఏకు అంటుకునే మెరిసే రంగుతో కొలిచే యంత్రం) కొలిచి, అందరికీ ఒకే మొత్తం, ఉదాహరణకు 200 నానోగ్రాములు, సీడీఎన్‌ఏకు వేయండి. ఆర్‌ఐఎన్ (ఆర్‌ఎన్‌ఏ ఎంత చెక్కుచెదరకుండా ఉందో చెప్పే అంకె) 7 దాటినవి ఒక గుంపు, కిందవి వేరే గుంపుగా పెట్టి చూడండి.

ఇప్పుడు కోల్4ఏ3 సంగతి. ఇది మిమ్మల్ని అనవసరంగా భయపెట్టింది. టైప్-4లో ఆరు గొలుసులు. కోల్4ఏ1, కోల్4ఏ2 13వ క్రోమోజోమ్ మీద, కోల్4ఏ3, కోల్4ఏ4 2వ దాని మీద, కోల్4ఏ5, కోల్4ఏ6 ఎక్స్ మీద, జంటలుగా ఎదురెదురు తలలు పెట్టుకుని కూర్చుంటాయి. ఆల్ఫా-1, ఆల్ఫా-2 కలిసిన రకం మెసాంజియంలో (గ్లోమెరులస్ నాళాల మధ్య కణజాలం), దాదాపు అన్ని బేస్‌మెంట్ పొరల్లో ఉంటుంది. గ్లోమెరులస్ వడపోత పొరలో పుట్టిన తర్వాత ప్రధానంగా ఉండేది 3, 4, 5 కలిసిన రకం, దాన్ని పోసేది పోడోసైట్ అనే వడపోత కణం. షుగర్ కిడ్నీలో పోడోసైట్లు రాలిపోతాయి. కణం పోతే దాని సందేశమూ పోతుంది. కాబట్టి కోల్4ఏ3 తగ్గడాన్ని జీన్ అణిగిందని రాయకండి. పోడోసైట్ గుర్తు ఎన్‌పీహెచ్‌ఎస్2తో భాగించి చూడండి. నిష్పత్తి నిలకడగా ఉంటే పోయింది కణం, జీన్ కాదు. ముక్కలో గ్లోమెరులస్‌లు తక్కువ పడినా ఇదే కనిపిస్తుంది, మెడుల్లా ముక్క అయితే మరీను. యూమోడ్, ఏక్యూపీ2 (ట్యూబ్యూల్ భాగాల గుర్తులు) కూడా నడిపితే కోర్ ఏ లోతు నుంచి వచ్చిందో తెలుస్తుంది. షుగర్‌లో ఉబ్బే మెసాంజియంకు మీరు చూడాల్సింది కోల్4ఏ1. అది కూడా గ్లోమెరులస్‌లను విడిగా ఏరి తీస్తేనే సరిగా కనిపిస్తుంది, ఎందుకంటే కార్టెక్స్ పరిమాణంలో వాటి వాటా చాలా తక్కువ, మొత్తం ముక్కలో వాటి గొంతు వినపడదు.

ఆల్పోర్ట్ సిండ్రోమ్ (టైప్-4 కొలాజెన్ జీన్ లోపంతో వచ్చే వంశపారంపర్య కిడ్నీ జబ్బు) ఇదే సంగతిని రెండో వైపు నుంచి చూపిస్తుంది. 3, 4, 5 గొలుసుల్లో ఒక్కటి చెడితే మిగతా రెండింటి సందేశాలు ఉన్నా మూడు పోగుల తాడు కట్టడం కుదరదు, పొరలో మూడూ కనపడకుండా పోతాయి. సందేశం ఉంది, సరుకు లేదు. అందుకే ఆ జబ్బులో పాథాలజిస్టు ఆల్ఫా-5 యాంటీబాడీతో స్లైడ్ వేస్తాడు, క్యూపీసీఆర్ అడగడు.

జీన్ ఎంపిక తప్పా అన్నదానికి: కోల్1ఏ1 సరైనదే, కానీ ఒంటరిగా చాలదు. కోల్3ఏ1, కోల్4ఏ1, ఎఫ్‌ఎన్1 (ఫైబ్రోనెక్టిన్), టింప్1, పీడీజీఎఫ్‌ఆర్‌బీ (పెరిసైట్, ఫైబ్రోబ్లాస్ట్‌ల గుర్తు) కలపండి. వాటి పక్కన ముక్క కూర్పు చెప్పే ఎన్‌పీహెచ్‌ఎస్2, యూమోడ్, ఎంవైహెచ్11, తెల్లకణాలకు పీటీపీఆర్‌సీ. ఈ చివరిదాన్ని వదలొద్దు. వాపు కణాలు గుంపుగా చేరిన ముక్కలో ఆర్‌ఎన్‌ఏలో పెద్ద వాటా వాటిదే, అవి టైప్-1 కొలాజెన్ పొయ్యవు, కోల్1ఏ1 పలుచబడి తక్కువ కనిపిస్తుంది. మీ 60 శాతం శాంపిల్‌కు ఇదీ ఒక కారణం కావచ్చు. కొలాజెన్ ఎవరు పోస్తున్నారన్న పాత వాదంలో ట్యూబ్యూల్ కణాలే ఫైబ్రోబ్లాస్టులుగా మారతాయన్నది ఒకప్పుడు గట్టిగా వినిపించేది. ఒక్కో కణం ఆర్‌ఎన్‌ఏను విడిగా చదవడం మొదలయ్యాక, 2021లో మనిషి కిడ్నీల మీద వచ్చిన పెద్ద పని మయోఫైబ్రోబ్లాస్టుల్లో ఎక్కువ భాగం పెరిసైట్లు (సన్న రక్తనాళాలను అంటిపెట్టుకుని ఉండే కణాలు), ఫైబ్రోబ్లాస్టుల నుంచే వస్తాయని చూపించింది. చర్చలో ట్యూబ్యూల్ కణాల మార్పును ప్రధాన కారణంగా రాస్తే రివ్యూయర్ పట్టుకుంటాడు.

ఇంకో రసాయనం పొట్లం కొనేముందు ఆన్‌లైన్‌లో కేపీఎంపీ కిడ్నీ కణాల అట్లాస్ తెరిచి మీ జీన్ పేరు కొట్టి చూడండి, ఏ కణంలో ఎంత ఉందో ఉచితంగా చూపిస్తుంది. నెఫ్రోసెక్ అనే డేటాబేస్‌లో గ్లోమెరులస్, ట్యూబ్యూల్ భాగాలు విడదీసి చేసిన పాత మైక్రోఅర్రేలు ఉన్నాయి. సగం సందేహాలు అక్కడే తీరతాయి.

నీలాన్ని కూడా కాస్త అనుమానించండి. ట్రైక్రోమ్ నీలం అంతా కొలాజెన్ కాదు, కంటితో శాతం చెప్పడం మనిషిని బట్టి మారుతుంది. కొలవాలంటే పిక్రోసిరియస్ రెడ్: సంతృప్త పిక్రిక్ ఆమ్లంలో 0.1 శాతం సిరియస్ రెడ్, గంటసేపు. ఆ తర్వాత మామూలు నీళ్లలో కడిగితే రంగు కారిపోతుంది, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల గ్లేసియల్ అసిటిక్ ఆమ్లం కలిపిన దాంట్లో రెండుసార్లు ముంచి, దులిపి, నేరుగా 100 శాతం ఎథనాల్‌లోకి. అన్ని స్లైడ్లూ ఒకే మందం, ఒకే రోజు. పోలరైజ్డ్ వెలుతురులో ఎరుపు-నారింజ అంటే టైప్-1, ఆకుపచ్చ అంటే టైప్-3 అని చాలా థీసిస్‌లలో రాసేస్తున్నారు. అది తప్పు, ఆ రంగు పోగు మందాన్ని, సర్దుబాటును బట్టి మారుతుంది.

పారాఫిన్ బ్లాకులు వాడుకోవచ్చు, కానీ షరతులతో. ఫార్మలిన్‌లో పెట్టినవైతేనే, బూయాన్ ద్రవంలో పెట్టినవైతే వదిలేయండి. పై రెండు మూడు సెక్షన్లు పారేసి, 10 మైక్రాన్ల చుట్టలు నాలుగు తీసుకోండి. ఆర్‌ఐఎన్ ఇక్కడ పనికిరాదు, డీవీ200 (200 బేసుల కన్నా పొడవున్న ఆర్‌ఎన్‌ఏ ముక్కల శాతం) చూడండి, 30 శాతం కింద ఉంటే ఆపేయండి. యాంప్లికాన్ (పీసీఆర్ పెంచే ముక్క) 60 నుంచి 80 బేసులు, ఓలిగో-డీటీ బదులు ర్యాండమ్ హెక్సామర్లు. బ్లాకు ముక్కలను, తాజా ముక్కలను ఒకే పోలికలో కలపొద్దు. బ్లాకుల్లో ఒక సుఖం ఏంటంటే, పక్కపక్క సెక్షన్లలోనే ట్రైక్రోమ్, ఆర్‌ఎన్‌ఏ రెండూ వస్తాయి కాబట్టి మీ మొదటి తలనొప్పి పోతుంది.

మూత్రంలో కొలాజెన్ ముక్కలు కొలిస్తే పోదా అని మీ గైడ్ అన్నారట. కొలవొచ్చు, కానీ దిశ తిరగబడుతుంది. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బులో మూత్రంలో టైప్-1 కొలాజెన్ ముక్కలు చాలావరకు తగ్గుతాయి. కిడ్నీలో పోగు కరగడం మందగించడం దీనికి ఒక వివరణ. పెరుగుతాయని అనుకుని మొదలుపెడితే ఫలితం చూసి కిట్ చెడిపోయిందనుకుంటారు.

లెక్కల్లో ఒక్కటే మాట: రెట్ల మీద టెస్ట్ పెట్టకండి, డెల్టా సీటీ (జీన్ సీటీలోంచి రెఫరెన్స్ జీన్ సీటీ తీసేయగా మిగిలింది) మీద పెట్టండి. 14కు 6 అంటే మాన్-విట్నీ, ఫైబ్రోసిస్ శాతంతో పోలికకు స్పియర్‌మన్. కంట్రోళ్లు కణితి పక్క కణజాలం కాబట్టి పూర్తి మామూలువి కావని రాయండి. వీలైతే కిడ్నీ దాతల బయాప్సీ కొన్ని సంపాదించండి.

ముందు మిగిలిన సీడీఎన్‌ఏతో ఎంవైహెచ్11, ఎన్‌పీహెచ్‌ఎస్2, పీపీఐఏ మూడూ నడపండి, ఒక్క ప్లేటు పని. ఆ రెండు శాంపిల్స్‌లో ఎంవైహెచ్11 సీటీ, మిగతా పన్నెండింటి సగటు సీటీ ఇక్కడే రాస్తే, అది ధమనో కాదో చూసి చెబుతాను.